ఒక లెన్సు అంచుకు ప్రతిపదార్థం

నా దగ్గర ఒక పాత లెన్సు ఉంది. గుప్పిట్లో ఇమిడిపోతుంది. దాని ముందు గాజు చుట్టూ ఉన్న ఉంగరం మీద చిన్న అక్షరాలతో ఒక రాత చెక్కి ఉంది. జర్మన్‌లో ఉన్నదాన్ని మన లిపిలోకి దించితే ఇలా వస్తుంది: కార్ల్ జైస్ యేనా, నెం. 27 లక్షల పైచిలుకు, సోనార్, 1:1,5, ఎఫ్=5 సెం.మీ., టి.

ఇంతే. పద్యంలో ఒక పాదమంత. కానీ పద్యపాదంలాగే ఇందులోనూ ఊరికే పడిన అక్షరం లేదు. రెండో ప్రపంచయుద్ధం నాటి లెన్సులను పోగుచేసేవాళ్లలో చాలామంది ఈ పాదాన్ని చదవకుండానే కొంటారు. అమ్మేవాడు చెప్పిన కథను చదివి కొంటారు. మా ఊరు సోమలలో ఇంటి అరుగు మీద కూర్చుని, ఈ పాదానికి ప్రతిపదార్థం చెప్పడమే ఈ వ్యాసం పని. ఉంగరం మీద ఉన్న మాటలతో పాటు, దాని మీద లేకపోయినా అందరి నోట్లో నలిగే మూడు నాలుగు మాటలను కూడా విప్పుతాను. తొలిమాట అలాంటిదే.

యుద్ధకాలపు

ఈ మాట ఉంగరం మీద ఉండదు, అమ్మకపు ప్రకటనలో ఉంటుంది. దీనికి మూడు అర్థాలున్నాయి. మూడూ వేరువేరు.

ఒకటి, యుద్ధం జరుగుతుండగా తయారైనది. అంటే 1939 సెప్టెంబరుకీ 1945 మేకీ నడుమ ఫ్యాక్టరీ దాటినది. ఇది కాలాన్ని చెప్పే అర్థం. రెండు, సైన్యం వాడినది. అంటే ఏదో ఒక దళం సొత్తుగా నమోదై, దళం ముద్ర పడినది. ఇది యజమానిని చెప్పే అర్థం. మూడు, యుద్ధం వల్ల పుట్టినది. అంటే ఓడిన దేశం నుంచి గెలిచిన దేశం పట్టుకెళ్లిన యంత్రాలతో, గాజుతో, నమూనాలతో తర్వాత తయారైనది. ఇది కారణాన్ని చెప్పే అర్థం.

శంక: మూడూ ఒకే లెన్సులో కలవకూడదా? సమాధానం: మొదటి రెండూ కలవవచ్చు, కలిసినవి ఉన్నాయి. మూడోది మొదటి దానితో కలవదు. యుద్ధం ముగిశాక పుట్టింది యుద్ధం మధ్యలో పుట్టలేదు. ఇంత తేలికైన సంగతి బేరం దగ్గర మరుపుకొస్తుంది.

నాకూ వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక అమ్మకందారు దగ్గర జర్మన్ వైమానిక దళం కెమెరా అని ఒక లైకా కొన్నాను. పైన గద్ద బొమ్మ, దళం సొత్తు అని జర్మన్‌లో చెక్కిన రాత. ఇంటికి తెచ్చి లెన్సు విప్పి లోపల చూశాను. రేంజ్‌ఫైండర్‌ను, అంటే దూరమాపకాన్ని, కదిలించే చిన్న మీట కొసన అసలు లైకాకైతే గుండ్రటి చక్రం ఉంటుంది. నా దానికి చక్రం లేదు, కోసుగా ముక్కులాంటి తునక ఉంది. అది సోవియట్ ఫెడ్, జోర్కీ కెమెరాల గుర్తు. అంటే యుద్ధం అయిన తర్వాత తయారైన సోవియట్ కెమెరాకి పై పలక గీకి, కొత్త రాత చెక్కి, కొత్త కథ తొడిగారు. గద్ద అబద్ధం చెప్పింది, ముక్కు నిజం చెప్పింది. ఆనాటి నుంచి నాకు ఒకటే నియమం: కథను పక్కనపెట్టి వస్తువును సాక్ష్యం అడగాలి.

కార్ల్ జైస్ యేనా

జైస్ అనేది ఇంటిపేరు. జర్మన్లు త్సైస్ అని పలుకుతారు. కార్ల్ జైస్ 1846లో యేనా ఊళ్లో సూక్ష్మదర్శినులు చేసే చిన్న పనిశాల పెట్టాడు. ఎర్నెస్ట్ అబ్బె లెక్క తెచ్చాడు. అంటే గాజును అరగదీసి చూసి సరిచేసుకునే పద్ధతి పోయి, ముందే గణితం వేసి అరగదీసే పద్ధతి వచ్చింది. ఓటో షాట్ గాజు తెచ్చాడు. అంటే కావలసిన గుణానికి కావలసిన గాజును కరిగించే విద్య వచ్చింది. చేయి, లెక్క, గాజు అనే ఈ మూడూ కలిసిన చోటికి యేనా అని పేరు.

ఇక్కడ తరచు పొరబడే చోటు ఒకటుంది. కార్ల్ జైస్ వేరు, జైస్ ఇకాన్ వేరు. జైస్ ఇకాన్ అంటే 1926లో నాలుగు కెమెరా సంస్థలు కలిసి డ్రెస్డెన్‌లో ఏర్పడిన కెమెరా సంస్థ. కాంటాక్స్ కెమెరా వాళ్లది. దాని ముందు బిగించే లెన్సు యేనాది. పెట్టె ఒక ఊరిది, కన్ను ఇంకో ఊరిది. కాబట్టి ఉంగరం మీద యేనా అని ఉంటే అది కెమెరా ఊరు కాదు, గాజు ఊరు.

యేనా అన్న మాటే కాలాన్నీ చెబుతుంది. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం ఆ ఊరు చేరింది. ఆ ప్రాంతం సోవియట్ల వాటాకు పోతుందని తెలుసు కనుక, వెళ్లేటప్పుడు ఎనభై మందికి పైగా నిపుణులను పశ్చిమానికి తరలించుకుపోయింది. వాళ్లతో ఓబర్‌కోహెన్‌లో ఇంకో జైస్ మొదలైంది. వెనక వచ్చిన సోవియట్లు 1946 అక్టోబరులో మరికొందరు నిపుణులను, ఆ తర్వాత యంత్రాలను తమ దేశానికి తీసుకెళ్లారు. అంటే పేరు ఇద్దరిది అయింది, ఊరు మాత్రం ఒకరిదే. పశ్చిమ జైస్ లెన్సు మీద యేనా అని ఉండదు.

పూర్తి నిజం చెప్పాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. యుద్ధకాలంలో యేనాలో, లైకా పుట్టిన వెట్స్‌లార్‌లో కూడా, ఆక్రమిత దేశాల నుంచి బలవంతంగా తెచ్చిన కూలీలు పనిచేశారు. అదే వెట్స్‌లార్‌లో లైకా సంస్థ యజమానులైన లైట్స్ కుటుంబం యూదులు దేశం దాటిపోవడానికి తోడ్పడింది. రెండూ జరిగినవే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచేవాడు వ్యాఖ్యాత కాడు, దళారి.

నెం.

ఇది లెన్సు వరస సంఖ్య. కెమెరా సంఖ్య కాదు. కెమెరాకి వేరే సంఖ్య ఉంటుంది. రెండూ దగ్గరగా ఉండాలన్న నియమమేమీ లేదు.

యేనా లెన్సుల్లో 27 లక్షల పైచిలుకు సంఖ్యలు యుద్ధకాలానివి. 30 లక్షలు దాటినవి యుద్ధానంతరానివి. ఇంతవరకు నమ్మవచ్చు. దీని నుంచి తేదీ లాగడం తప్పు. ఎందుకంటే సంఖ్యలను రోజువారీగా వేయలేదు. ఒక్కో రకం లెన్సుకు ఒక్కో గుత్తగా ముందే కేటాయించేవారు. ఆ గుత్త పూర్తి కావడానికి ఎన్నాళ్లు పట్టినా పట్టవచ్చు. అంటే సంఖ్య కాన్పు లెక్క కాదు, పేరు పెట్టి ఉంచిన ఊయల లెక్క.

సోవియట్ పద్ధతి దీనికి భిన్నం. 1950ల మధ్య నుంచి చాలా సోవియట్ లెన్సుల సంఖ్యలో మొదటి రెండంకెలూ తయారైన ఏడాదే. 62తో మొదలైతే 1962. దొంగ యేనా లెన్సును పట్టుకోవడంలో ఇది పనికొస్తుంది. సోనార్ నమూనా మీదే తయారైన సోవియట్ జూపిటర్ లెన్సు మీద కొత్త ఉంగరం బిగించి సోనార్‌గా అమ్మేవాళ్లు ముందు సంఖ్య మారుస్తారు, లోపలి భాగాల మీద ఉన్న సంఖ్యను మరిచిపోతారు.

సోనార్

దీన్ని జలాంతర్గాముల జాడ తీసే సోనార్‌తో కలపకూడదు. యుద్ధం, సోనార్ అనే రెండు మాటలు పక్కపక్కన పడగానే చాలామంది అటే పోతారు. అది ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలతో కూర్చిన పేరు. ఇది జర్మన్ పేరు. జర్మన్‌లో జొన్నె అంటే సూర్యుడు. వెలుతురు బాగా పట్టే లెన్సు కనుక సూర్యుడి పేరు అని చెబుతారు. ఇంకొంచెం తవ్వితే, జొంట్‌హైమ్ అనే ఊళ్లోని నెట్టెల్ కెమెరా సంస్థ ఈ పేరును ముందే వేరే లెన్సుకు వాడింది. ఊరి పేరు నుంచి పుట్టిన ఆ పేరు, సంస్థలు కలిసిపోయినప్పుడు జైస్ ఇకాన్‌కు సంక్రమించింది. అంటే పేరు పుట్టింది ఊరి నుంచి, పొంతన కుదిరింది సూర్యుడితో. రెండూ చెప్పడమే న్యాయం.

లెన్సును రచించినవాడు లుడ్విగ్ బెర్టెలె. రచించడం అన్నది తెలిసే వాడుతున్నాను. 1932లో కాంటాక్స్‌తో పాటు వచ్చిన ఈ లెన్సులో 7 గాజులు 3 కట్టలుగా ఉంటాయి. ముందు ఒంటి గాజు. నడుమ మూడు గాజులు అతికిన కట్ట. వెనక మరో మూడు అతికిన కట్ట. 1:2 సోనార్‌లో వెనక కట్టకు రెండే, అంటే మొత్తం 6.

అతకడం ఎందుకు? ఇదే సోనార్ ఆయువుపట్టు. వెలుతురు గాలి నుంచి గాజులోకి, గాజు నుంచి గాలిలోకి దాటే ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది. పూత లేని గాజుకు ఆ నష్టం దాదాపు నూటికి 5 పాళ్లు అనుకుందాం. సోనార్‌కు అలాంటి హద్దులు ఆరు. అదే కాలంలో లైకాకు వచ్చిన 1:1,5 క్సెనాన్‌కు పది. ఆరు హద్దులు దాటితే నూటికి 73 పాళ్లు మిగులుతాయి. పది దాటితే 60. తిరిగిన వెలుతురు పోయి ఊరుకోదు. లోపలే అటూ ఇటూ కొట్టుకుని నీడల మీద బూడిద చల్లుతుంది. బెర్టెలె గాలి ఉండవలసిన చోట వక్రీభవనం తక్కువున్న గాజును నింపి హద్దులు తగ్గించాడు. వక్రీభవనం తక్కువ అంటే వెలుతురును తక్కువగా వంచే గుణం. గాలి చేసే పనిని దాదాపుగా చేస్తూ, గాలి తెచ్చే నష్టం తేని గాజు అది.

దీనికి చెల్లించిన మూల్యం ఒకటుంది. వెనక కట్ట ఫిల్ముకు బాగా దగ్గరగా వస్తుంది. నడుమ అద్దం ఆడే ఎస్సెల్లార్ కెమెరాలో దానికి చోటు చాలదు. అందుకే 5 సెం.మీ. సోనార్ రేంజ్‌ఫైండర్‌తోనే బతికింది.

1:1,5

ముందు కామా సంగతి. జర్మన్లు దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు. కనుక 1,5 అంటే ఒకటిన్నర. లక్షలకు, వేలకు కామా పెట్టే మనకు ఇది తికమక.

ఇది నిష్పత్తి. అంటే వెలుతురు దారి వెడల్పు 1 అయితే నాభ్యంతరం, కింద చెప్పబోయే ఎఫ్, 1.5. నాభ్యంతరం 50 మి.మీ. కనుక దారి వెడల్పు 33 మి.మీ. చిల్లర. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే దారి అంత పెద్దది. కొత్తవాళ్లు ఇక్కడే తలకిందులవుతారు.

వెలుతురు దారి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వెడల్పును బట్టి కాదు. ఆ కాలపు మామూలు లైకా లెన్సు ఎల్మార్ 1:3,5. 3.5ను 1.5తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే దాదాపు 5.4. అంటే ఎల్మార్‌కు అయిదు దీపాలు కావాల్సిన చోట సోనార్‌కు ఒకటి చాలు.

మూల్యం ఇక్కడా ఉంది. దారి పూర్తిగా తెరిచి మీటరు దూరంలోని మనిషిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 4 సెంటీమీటర్ల లోపే. కనుపాప స్పష్టమైతే చెవి మసక. దీని మీద ఇంకో చిక్కు. సోనార్‌లో దారి మూస్తూ పోయే కొద్దీ స్పష్టతాతలం జరుగుతుంది. అంచుల నుంచి వచ్చే కిరణాలు, నడుమ నుంచి వచ్చే కిరణాలు ఒకే చోట కలవకపోవడం దీనికి కారణం. దీన్ని గోళీయ దోషం అంటారు. నా లెన్సు 2.8 దగ్గర సరిగా ఉంటుంది. 1.5 దగ్గర స్పష్టతాతలం ఒక వేలెడు నా వైపు వస్తుంది. అందుకని 1.5లో తీసేటప్పుడు దూరం కుదిర్చాక ఆ వేలెడు ముందుకు వంగుతాను. ఇది లెన్సు చెడిపోవడం కాదు, దాని స్వభావం. స్వభావం తెలియనివాడు మరమ్మతుకు పంపి, బాగున్నదాన్ని చెడగొట్టుకుంటాడు.

ఎఫ్=5 సెం.మీ.

ఎఫ్ అంటే నాభ్యంతరం. అంటే అనంత దూరాన ఉన్నదాని నుంచి వచ్చిన కిరణాలను ఒక చోట కలపడానికి లెన్సుకు కావలసిన దూరం. పాత జర్మన్ లెన్సుల మీద సెంటీమీటర్లలో రాసేవారు, తర్వాత మిల్లీమీటర్లకు మారారు. 5 సెం.మీ., 50 మి.మీ. రెండూ ఒకటే.

ఒకటే గాని, నిక్కచ్చిగా ఒకటి కాదు. లైకా వాళ్ల 50 నిజానికి 51.6 మి.మీ. లెక్క మీద కట్టింది. కాంటాక్స్ లెక్క దానికంటే కొంచెం ఎక్కువ. ఒక మిల్లీమీటరు లోపు తేడా. కొండను తీస్తే ఈ తేడా కనపడదు. మనిషిని దగ్గర్నుంచి, దారి పూర్తిగా తెరిచి తీస్తే కనపడుతుంది. కాంటాక్స్ వంశం నుంచి దిగిన సోవియట్ జూపిటర్‌ను లైకాకు బిగిస్తే దూరం తప్పుతుందని వాడేవాళ్లు గొణిగేది దీని గురించే. పలచటి లోహపు బిళ్ల వేసి కొంత సరిచేస్తారు.

50 మి.మీ. అంటే దూరాన్ని లాగదు, పక్కలను సాగదీయదు. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసోఁ జీవితమంతా లైకాకు దాదాపుగా ఇదే నాభ్యంతరం వాడాడు. 1950 ఏప్రిల్‌లో ఆయన మన పొరుగునే, దక్షిణాన ఉన్న అరుణాచలంలో ఉన్నాడు. రమణ మహర్షి చివరి రోజులను తీశాడు. ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకు మహర్షి దేహం చాలించారు. ఆ వేళ ఆకాశంలో కదిలిపోయిన ఉల్కను చూసినవాళ్లలో కార్తియే-బ్రెసోఁ ఒకడు. చూశానని చెప్పాడు, గడియారం చూసుకున్నానని చెప్పాడు. ఎంత వెలుతురు పట్టే లెన్సయినా, కన్ను చూసిన ప్రతిదీ దానికి దక్కదు.

టి

ఎర్ర రంగులో ఉన్న ఒక్క అక్షరం. ధరను పెంచేది ఇదే. టి అంటే పారదర్శకత పూత. జైస్‌లో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా, ఈనాటి ఉక్రెయిన్ నేలలో పుట్టినవాడు, దీన్ని సాధించాడు. 1935లో పేటెంటు తీశారు. సైన్యం అవసరం కనుక మొదట్లో గుట్టుగా ఉంచారు. మామూలు లెన్సుల మీదకి ఇది యుద్ధం మొదలైన రోజుల్లోనే వచ్చింది. అంటే ఎర్ర టి దానంతటదే ఒక కాలపు ముద్ర.

పని ఎలా చేస్తుంది? గాలి లేని పాత్రలో ఫ్లోరైడు లవణాన్ని ఆవిరి చేసి గాజు మీద పేరుస్తారు. మందం ఆకుపచ్చ వెలుతురు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, పూత లోపల కొలిస్తే. అంటే దాదాపు 100 నానోమీటర్లు. పూత పైనుంచి తిరిగే అల, పూత కింద నుంచి తిరిగే అల ఎదురెదురుగా పడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. తిరిగిపోవాల్సిన వెలుతురు లోపలికి పోతుంది. ఆకుపచ్చకు కుదిర్చింది కనుక ఎరుపు, నీలం కొంచెం మిగిలి తిరుగుతాయి. అందుకే పూత ఉన్న గాజును ఏటవాలుగా పట్టుకుంటే వంకాయ రంగు మెరుపు కనిపిస్తుంది. హద్దుకు 5 పాళ్ల నష్టం దాదాపు ఒక పాలుకు దిగుతుంది. ఆరు హద్దుల సోనార్‌లో 73 పోయి 94 అవుతుంది.

మూడు పొరపాట్లు దిద్దాలి. ఒకటి, ఈ టి, తర్వాతి కాలపు నక్షత్రం గుర్తున్న టి ఒకటి కావు. నక్షత్రం బహుపొరల పూతకు గుర్తు, 1970లది. రెండు, రంగు మెరుపంతా పూత కాదు. పాత పూతలేని గాజు గాలికి, తేమకు తనంతట తానే నీలంగా కమిలిపోతుంది. అలా కమిలిన గాజు మరింత వెలుతురు పంపుతుందని ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ 1890లలోనే గమనించాడు. పూత అన్న ఊహకు విత్తనం ఆ మచ్చే. మూడు, ఆనాటి పూత మెత్తన. పంచె కొసతో తుడిస్తే గీతలు పడతాయి.

సోవియట్ లెన్సుల మీద ఇదే పనికి రష్యన్ లిపిలో ఎర్రటి 'ప' ఉంటుంది. దాని వెనక ఉన్న రష్యన్ మాటకు వెలుతురు పోయేలా చేయడం అని ఒక అర్థం, జ్ఞానోదయం అని ఇంకో అర్థం. లెన్సుకు మొదటిదే వర్తిస్తుంది.

రేంజ్‌ఫైండర్

ఇక ఉంగరం మీద లేని మాటలు. రేంజ్‌ఫైండర్ అంటే దూరమాపకం. మాటే యుద్ధపు మాట. 1888లో బ్రిటిష్ యుద్ధశాఖ పిలుపు చూసి బార్, స్ట్రౌడ్ అనే ఇద్దరు ఆచార్యులు లక్ష్యం ఎంత దూరాన ఉందో కొలవడానికి కట్టిన సాధనం దీని ముత్తాత. 1932లో లైకా, కాంటాక్స్ రెండూ దాన్ని కెమెరాలో పెట్టి లెన్సుతో ముడివేశాయి. కెమెరా నుదుటన రెండు కిటికీలుంటాయి. రెంటి బొమ్మలూ నడుమ ఒక చిన్న చదరంలో ఒకదాని మీద ఒకటి పడతాయి. దూరం కుదరనప్పుడు రెండు. కుదిరినప్పుడు ఒకటి. కిటికీల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే కొలత అంత నిక్కచ్చి. కాంటాక్స్ రెండో నమూనాకు ఇది 90 మి.మీ.

నా సోనార్‌ను బిగించేది అసలు కాంటాక్స్‌కు కాదు, కీవ్‌కు. డ్రెస్డెన్ బాంబుల్లో కాలిపోయాక కాంటాక్స్ పనిముట్లను మళ్లీ కూర్చి సోవియట్లు కీవ్ నగరంలోని అర్సెనాల్ కర్మాగారానికి తీసుకెళ్లారు. 1947లో అక్కడ మొదలైన కెమెరా అది. కన్ను జర్మనీలోనే ఉండిపోయింది, ఒళ్లు తరలిపోయింది. రెండూ మళ్లీ ఇక్కడ ఒకటయ్యాయి.

కీవ్‌ను పట్టుకునే తీరు వేరు. కుడిచేతి వేళ్లు మామూలుగా పెడితే దూరమాపకం కిటికీ మూతపడుతుంది. చూపుడు వేలు, నడిమి వేలు ఎత్తి పట్టాలి. చూసేవాళ్లకు సన్నాయి ఊదుతున్నట్టుంటుంది. షట్టరు పలకలను లాగేవి పట్టు నాడాలు. మదనపల్లె పట్టు మనకు పక్కనే కదా అని నాడా తెగినప్పుడు ఇక్కడి దారం వేయకూడదు. వెడల్పు, మందం లెక్క ప్రకారం ఉండాలి.

మౌంటు

అంటే లెన్సును కెమెరాకు బిగించే కట్టు. లైకాది మర. వ్యాసం 39 మి.మీ., ఫిల్ముకు ఎడం 28.8 మి.మీ. కాంటాక్స్‌ది తిప్పి గుచ్చే గాడి. ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. లైకాలో లెన్సును ముందుకు వెనక్కు నడిపే మర లెన్సులోనే ఉంటుంది. కాంటాక్స్‌లో 5 సెం.మీ. లెన్సుకు అది కెమెరాలో ఉంటుంది. కాబట్టి కాంటాక్స్ సోనార్‌ను లైకాకు తగిలించాలంటే ఉత్త ఉంగరం చాలదు, నడక మర ఉన్న అడాప్టరు కావాలి. లైకా మర లెన్సును 1954 తర్వాతి లైకా ఎం కెమెరాలకు తగిలించడం తేలిక. వాటి ఎడం 27.8 మి.మీ. కనుక ఒక మిల్లీమీటరు మందపు ఉంగరం సరిగ్గా చాలు.

యుద్ధం తర్వాత జర్మన్ పేటెంట్లకు రక్షణ పోయింది. ఇంగ్లండులో రీడ్ లాంటి కెమెరాలు లైకాను నేరుగా దించాయి. 39 మి.మీ. మర లోకానికంతటికీ ఉమ్మడి సొత్తయింది. పోగుచేసేవాళ్లకు ఇన్ని దేశాల లెన్సులు ఒకే కెమెరాకు పట్టడం వెనక ఉన్నది ఆ ఓటమే.

దోషాలు

బుడగ: గాజులో చిన్న గాలి చుక్క. దోషం కాదు. ఆనాటి మేలైన గాజు కరిగింపులో బుడగలు మిగిలేవి. వెలుతురులో వెయ్యో వంతును కూడా ఆపవు.

పొగ: లోపల గాజు మీద పలచటి మసక. మరకు రాసిన పాత గ్రీజు ఆవిరై పేరుకోవడం దీనికి మామూలు కారణం. విప్పి తుడిస్తే పోతుంది, గాజును తినేసి ఉంటే పోదు.

విడివడటం: అతికిన గాజులు ఊడటం. ఆ అతుకు కెనడా బాల్సం అనే చెట్టు జిగురుతో వేసింది. అంచున ఇంద్రధనుస్సు రంగు చారలు కనిపిస్తే ఇదే. మూడేసి గాజులు అతికిన సోనార్‌లో దీన్ని బాగుచేయడం ఖర్చుతో కూడిన పని.

పసుపు: ఇది వేరే కథ. అమెరికా వైమానిక లెన్సు ఏరో ఎక్టార్‌లో థోరియం కలిపిన గాజు ఉంటుంది. అది ఏళ్ల మీద పసుపెక్కుతుంది. దాన్ని చూసి యుద్ధకాలపు లెన్సులన్నీ రేడియోధార్మికం అనడం తప్పు.

బూజు: మన పక్క అసలు శత్రువు ఇది. సోమలలో ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, లెన్సుకు భయం లేదు. ఈశాన్య రుతుపవనం పట్టిన అక్టోబరు, నవంబరులే గండం. సాలెగూడు దారాల్లా గాజు మీద అల్లుకుంటుంది. తోలు సంచిలో ఉంచకూడదు, తోలు తేమ పడుతుంది. బియ్యంలో పెట్టకూడదు, తవుడు దుమ్ము చేరుతుంది. బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టకూడదు, కలరా ఉండల ఆవిరి గాజుకెక్కుతుంది. మూత గట్టిగా పట్టే సీసా, అందులో సిలికాజెల్ పొట్లాలు. అన్నిటికంటే మేలైనది వాడటం. ఎండ తగిలే లెన్సుకు బూజు పట్టడం తక్కువ.

తాత్పర్యం

పోయిన చింతకాయల కాలంలో పక్కింటి పెద్దమ్మ మా అరుగు మీద కూర్చుని చింతపండు కొడుతోంది. రాతి మీద పెట్టి ఇనపకడ్డీతో ఒక్క దెబ్బ, గింజ బయటికి, పండు గంపలోకి. సాయంత్రం నాలుగున్నర, నీడలో ఉంది. నేను మీటరు దూరాన కూర్చుని దూరం కుదిర్చే చక్రం తిప్పుతున్నాను. చదరంలో ఆమె కనుబొమలు నాలుగున్నాయి.

"ఇంతసేపు యేం చూస్తా ఉండావు నాయనా, నేనేమన్నా ఇద్దురు కనిపిస్తా ఉండానా?" అంది చేయి ఆపకుండా.

"అవును పెద్దమ్మా. ఇప్పుడే ఒకరయ్యారు."

వేలెడు ముందుకు వంగి నొక్కాను. షట్టరు పట్టు నాడాల మీద గరగరమని జారింది. రీలు కడిగి చూస్తే ఎడమ కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. కడ్డీ పట్టిన చేయి కరిగిపోయి పొగలా ఉంది. ఆ కరిగిపోవడం లోతు తక్కువతనం, గోళీయ దోషం కలిసి చేసినది. బాగుందనిపించేదీ అదే.

బొమ్మ చూశాక ఆమె కెమెరా చేతిలోకి తీసుకుని లెన్సు మీద వేలు పెట్టింది. "ఇది యాడిది?"

"జర్మనీది. యుద్ధం నాటిది."

"యుద్ధంలో ఇది యేం చేసింది?"

ఉంగరం అంతా చదివినవాణ్ణి. ఎవరు చేశారో, ఏ కాలానికి చెందిందో, ఎన్ని గాజులో, ఎంత వెలుతురో, పూత ఉందో లేదో చెప్పగలను. దీనికి మాత్రం జవాబు ఉంగరం మీద లేదు. ఏ చేతులు అరగదీశాయో, ఇష్టపడి చేశాయో బలవంతానో, దీని వెనక ఏ కన్ను నిలబడిందో అక్కడ రాయలేదు. దళం ముద్ర లేదు కనుక సైన్యానిది అనడానికి వీల్లేదు. సంఖ్యను బట్టి యుద్ధకాలంలో పుట్టింది, అంతే. మొదటి అర్థంలో మాత్రమే ఇది యుద్ధకాలపు లెన్సు.

"ఎవరూ రాసిపెట్టలేదు పెద్దమ్మా."

"మరి నువ్వు రాస్తావా?"

నోటుపుస్తకం తీశాను. లెన్సు సంఖ్య పూర్తిగా రాసి, దాని కింద రాశాను: సోమల, అరుగు, నీడ. 1.5. ఒక మీటరు. చింతపండు కొట్టడం. దీన్ని నా తర్వాత కొనేవాడికి ఏ కథ చెప్పి అమ్ముతారో గాని, ఈ ఒక్క వరస మాత్రం నిజం.